ఊపిరితిత్తిలో బూజు, మాత్రల డబ్బాలో లెక్క

దగ్గు కూడా గట్టిగా రాలేదు. అందుకే పట్టించుకోలేదు.

కిడ్నీ మార్పిడి జరిగి నాలుగో నెల. రోజుకి పది పన్నెండు సార్లు పొడి దగ్గు. మెట్లెక్కితే కాస్త ఆయాసం. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడివైపు డొక్కలో సూదితో పొడిచినట్టు నొప్పి. థర్మామీటర్ పెడితే 99.4. జ్వరం ఉందనడానికి లేదు, లేదనడానికీ లేదు. ఆపరేషన్ తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో 100.4 దాటితే వెంటనే ఫోన్ చేయమని ఉంది. నాది దాటలేదు కదా అని నాలుగు రోజులు ఊరుకున్నాను. స్టెరాయిడ్ వాడుతున్న ఒంట్లో జ్వరం తన అసలు రూపం చూపించదని ఆ కాగితంలో లేదు, ఉన్నా నేను చదవలేదు.

అయిదో రోజు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ. "మామూలు న్యుమోనియానే" అని ఏడు రోజులకి యాంటీబయాటిక్ రాశారు. కిడ్నీ మార్చారని చెప్పాను. తల ఊపి రాసుకున్నారు, అంతే. తప్పంతా వాళ్లదే అనను. మా నెఫ్రాలజిస్ట్‌కి, అంటే కిడ్నీ డాక్టర్‌కి, ఆ రోజే ఫోన్ చేయాల్సింది నేను. ఏడు రోజులు మాత్రలు మింగాను. దగ్గు తగ్గలేదు, పెరగలేదు. ఎనిమిదో రోజు పొద్దున రుమాలు మీద గులాబీ రంగు చార ఒకటి కనిపించింది. అప్పుడు చేశాను ఫోన్.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. నాకు కిడ్నీ ఇచ్చింది అమ్మ. మొదటి నెల అంతా బాగుంది, క్రియాటినిన్ 1.2కి దిగింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అది, అంకె పెరిగితే కిడ్నీకి కష్టం వచ్చినట్టు. ఆరో వారంలో ఉన్నట్టుండి 2.1. బయాప్సీ చేస్తే రిజెక్షన్ అని తేలింది. అంటే నా ఒళ్లు అమ్మ కిడ్నీని పరాయిదని పసిగట్టి దాని మీద పడింది. మూడు రోజులు వరసగా అయిదేసి వందల మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. రోజూ వేసుకునే మాత్రల డోసులు కూడా పెంచారు. క్రియాటినిన్ 1.6 దగ్గర ఆగింది. ఆ మూడు సీసాలు లేకపోతే కిడ్నీ నిలిచేది కాదు. ఫంగస్‌కి దారి ఇచ్చినవీ అవే అయ్యుంటాయని తర్వాత డాక్టర్ గారు అన్నప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

సీటీ స్కాన్‌లో ఎక్స్‌రే చెప్పని సంగతులు బయటపడ్డాయి. మచ్చ ఒకటి కాదు, రెండు. పెద్దది రెండున్నర సెంటీమీటర్లు, దాని మధ్యలో అప్పుడే గుల్ల పడుతోంది. పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) మేడమ్ కంప్యూటర్ తెరని నా వైపు తిప్పి, పెన్ను మూతతో చూపిస్తూ నాలుగు పేర్లు చెప్పారు. టీబీ కావచ్చు. నొకార్డియా అనే బ్యాక్టీరియా కావచ్చు. ఫంగస్ కావచ్చు. లేదా రోగనిరోధక శక్తిని అణిచే మందుల వల్ల వచ్చే లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ కావచ్చు. నాలుగింటికీ నాలుగు రకాల మందులు. ఊహించి ఒకటి మొదలుపెడితే మిగతా మూడూ పెరుగుతూ పోతాయి. "మీలాంటి వాళ్ల విషయంలో ఊహలు పనికిరావమ్మా, లోపలి నుంచి శాంపిల్ తీయాల్సిందే" అన్నారు.

శాంపిల్ కోసం ఊపిరితిత్తిలోకి గొట్టం దింపే పరీక్ష బ్రాంకోస్కోపీ. దాని గురించి చాలామంది భయపెట్టారు. నిజం చెప్పాలంటే నొప్పి లేదు, ఉన్నదంతా ఉక్కిరిబిక్కిరే. గొంతులో చేదు స్ప్రే కొడతారు, రెండు నిమిషాల్లో నాలుక మొద్దుబారి గుటక వేస్తున్నామో లేదో కూడా తెలియదు. మత్తు సగమే ఇస్తారు. గొట్టం లోపలికి దిగాక దాంట్లోంచి సెలైన్ పోసి, తిరిగి లాగుతారు. తన ఊపిరితిత్తిలో నీళ్లు పోస్తుంటే మనిషికి దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? దగ్గుతూనే ఉన్నాను. నర్సు ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి "అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంది. పదిహేను నిమిషాలకి నిజంగానే అయిపోయింది. చిన్న సీసాలో మబ్బుగా, సబ్బు నురగ తేలుతున్నట్టు ఉన్న ద్రవాన్ని చూపించారు. దాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు పరీక్షలకి పంపారు.

ఆ రాత్రి మొదటిసారి "ఇన్వేసివ్ ఫంగల్ ఇన్ఫెక్షన్" అనే మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మనకి తెలిసిన ఫంగస్ చర్మం మీద తామర, తడిసిన గోడ మీద బూజు. ఇన్వేసివ్ అంటే అది పైపైన ఆగకుండా కండలోకి, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోవడం. యాస్పర్‌జిల్లస్ బీజాలు రెండు మూడు మైక్రాన్లే ఉంటాయట, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. మట్టిలో, ఎండుటాకుల్లో, ఇల్లు పగలగొట్టినప్పుడు లేచే దుమ్ములో, అన్నిచోట్లా ఉంటాయి. ప్రతి మనిషీ రోజూ వందల కొద్దీ పీలుస్తూనే ఉంటాడు. ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే కణాలు వాటిని మింగేస్తాయి. తప్పించుకుని మొలకెత్తినవాటిని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పట్టుకుంటాయి. స్టెరాయిడ్ ఈ రెండు కాపలాలనీ మందగింపజేస్తుంది. అంటే నేను ప్రత్యేకంగా ఏదో మురికి గాలి పీల్చానని కాదు, అందరూ పీల్చేదే పీల్చాను. మా పక్క భవనం పగలగొట్టిన మాట నిజమే. దానివల్లేనా అని డాక్టర్ గారిని అడిగితే "కావచ్చు, కాకపోవచ్చు. ఇక నుంచి అలాంటిచోట ఎన్95 మాస్క్ లేకుండా నిలబడకండి, కుండీల్లో మట్టి మీరు కలపకండి" అని వదిలేశారు.

అంకెలు కూడా చదివాను. అమెరికాలో 2001 నుంచి 2006 దాకా 23 ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాల్లో లెక్క కట్టారు. మార్పిడి అయిన మొదటి ఏడాదిలో ఇలాంటి ఇన్ఫెక్షన్ కిడ్నీ వాళ్లలో 1.3 శాతం మందికి, ఊపిరితిత్తులు మార్చినవాళ్లలో 8.6 శాతానికి, చిన్నపేగు మార్చినవాళ్లలో 11.6 శాతానికి వచ్చిందట. వచ్చినవాటిలో సగానికి పైగా క్యాండిడా అనే ఇంకో ఫంగస్, దాని తర్వాతి స్థానం యాస్పర్‌జిల్లస్‌ది. అన్ని అవయవాల్లోకీ కిడ్నీ వాళ్ల అంకే తక్కువ. ఏడు రోజుల యాంటీబయాటిక్ వెనక ఉన్న కారణం నాకు ఆ అంకెలోనే కనిపించింది. అరుదుగా వచ్చేదాన్ని ముందుగా ఎవరు తలుచుకుంటారు?

మర్నాడు సాయంత్రానికి మైక్రోస్కోపు రిపోర్టు వచ్చింది. సన్నటి పోగులు, మధ్యమధ్య అడ్డుగోడలు, చీలినచోట దాదాపు 45 డిగ్రీల కోణం. ల్యాబ్ డాక్టర్ ఫోన్‌లో తీసిన ఫొటోని మేడమ్ నాకు చూపించారు. నీలం నేపథ్యం మీద ఇంగ్లీషు 'వై' అక్షరాలు ఒకదాని చివర ఒకటి అతికించినట్టు ఉన్నాయి. అందంగానే ఉందనిపించి నా మీద నాకే చిరాకేసింది. యాస్పర్‌జిల్లస్ అనే పేరు 1729లో మికేలి అనే ఇటలీ మతాచార్యుడు పెట్టాడట. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు కూడా. మైక్రోస్కోపులో దాని తల చూస్తే చర్చిలో పవిత్రజలం చల్లే సాధనం గుర్తొచ్చిందట ఆయనకి. మన పన్నీరు బుడ్డి లాంటిదనుకోవచ్చు.

ఆ కోణం ఎందుకంత ముఖ్యమో మేడమ్ వివరించారు. కరోనా కాలంలో బ్లాక్ ఫంగస్ అని అందరి నోటా నలిగిందే, ఆ మ్యూకర్ పోగులు రిబ్బన్ల లాగా వెడల్పుగా ఉండి, అడ్డుగోడలు పెద్దగా లేకుండా, దాదాపు లంబకోణంలో చీలతాయి. యాస్పర్‌జిల్లస్‌కి వాడే వోరికొనజోల్ దాని మీద పనిచేయదు. మ్యూకర్ అయితే యాంఫోటెరిసిన్ ఇవ్వాలి, అది కిడ్నీని దెబ్బతీసే మందు. లైపోసోమల్ రకం కొంత నయమే గానీ నా 1.6 క్రియాటినిన్ మీద దాన్ని ప్రయోగించాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. అందుకే 45 డిగ్రీలు అని విన్నప్పుడు ఆ గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను, డొక్కలో పొడిచింది.

ఇంకో సంగతి. రక్తంలో గెలాక్టోమానన్ అనే పరీక్ష చేశారు. అది ఈ ఫంగస్ గోడలో ఉండే చక్కెర పదార్థం. నా రక్తంలో నెగెటివ్. ఊపిరితిత్తిలోంచి తీసిన ద్రవంలో మాత్రం గట్టిగా పాజిటివ్. అవయవ మార్పిడి అయినవాళ్లలో రక్త పరీక్ష చాలాసార్లు ఇలాగే దొరకనివ్వదట. రక్తం రిపోర్టు చూసి ఆగిపోయి ఉంటే ఇంకో వారం పోయేది. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లెవరైనా బ్రాంకోస్కోపీకి భయపడి వెనక్కి లాగుతుంటే నేను ఈ ఒక్క సంగతే చెబుతాను.

మందు మొదలుపెట్టే ముందు నెఫ్రాలజిస్ట్, పల్మనాలజిస్ట్ ఇద్దరూ నా మంచం దగ్గరే మాట్లాడుకున్నారు. రిజెక్షన్ రాకుండా వేసుకునే మందుల్లో ఒకటైన మైకోఫినోలేట్‌ని సగానికి తగ్గిద్దామన్నారు. నేను అడ్డుపడ్డాను. "సార్, ఆరో వారంలోనే రిజెక్షన్ వచ్చింది. ఇప్పుడు తగ్గిస్తే మళ్లీ వస్తే?"

"రావచ్చమ్మా" అన్నారాయన. "కిడ్నీ పోతే డయాలసిస్ ఉంది. ఊపిరితిత్తి పోతే ఏముంది?"

అమ్మ పక్కనే ఉంది. ఆయన వెళ్లాక చాలాసేపు దుప్పటి సర్దింది. చివరికి "పోతే పోనీలే. ఇంకోటి ఇద్దామంటే నా దగ్గర లేదు, అదొక్కటే బాధ" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే దగ్గొచ్చింది.

వోరికొనజోల్ ఇంజెక్షన్ కాకుండా మాత్రలే ఇచ్చారు. ఇంజెక్షన్‌లో మందుని కరిగించడానికి కలిపే పదార్థం కిడ్నీ సరిగ్గా పనిచేయనివాళ్ల ఒంట్లో పేరుకుంటుందట. మొదటి రోజు నాలుగేసి వందల మిల్లీగ్రాములు రెండుసార్లు, తర్వాత రెండేసి వందలు పూటకి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో వోరికొనజోల్ వాడినవాళ్లలో 12 వారాలకి దాదాపు 71 శాతం, పాత యాంఫోటెరిసిన్ వాడినవాళ్లలో 58 శాతం బతికి ఉన్నారని చదివాను. వాళ్లలో ఎక్కువమంది రక్త క్యాన్సర్ రోగులు, నా లెక్క వేరు. అయినా ఆ 71 వెనక మిగిలిన 29 గురించి ఆలోచించకుండా నిద్రపోవడం నా వల్ల కాలేదు.

అసలు గండం ఫంగస్ వల్ల రాలేదు. ఒక కాగితం వల్ల వచ్చింది.

నేను రిజెక్షన్ రాకుండా వేసుకునే ముఖ్యమైన మందు టాక్రోలిమస్. పొద్దున మూడు మిల్లీగ్రాములు, రాత్రి మూడు. దాన్ని కాలేయంలో ఒక ఎంజైమ్ అరగదీసి బయటికి పంపుతుంది. వోరికొనజోల్ ఆ ఎంజైమ్‌ని కట్టిపడేస్తుంది. దాంతో అదే డోసు వేసుకున్నా రక్తంలో టాక్రోలిమస్ మట్టం అంతకంతకూ పెరిగిపోతుంది. అందుకే వోరికొనజోల్ మొదలైన రోజే టాక్రోలిమస్‌ని మూడో వంతుకి తగ్గించాలి. డాక్టర్ గారు నోటితో చెప్పారు: "పూటకి ఒకటి చాలు." వార్డులో ఉన్న రెండు రోజులూ నర్సులు ఒకటే ఇచ్చారు. డిశ్చార్జ్ కాగితంలో మాత్రం పాత మందుల పట్టికే దిగింది. టాక్రోలిమస్, పూటకి మూడు మిల్లీగ్రాములు. దాని కింద కొత్తగా వోరికొనజోల్.

నాకు సాధారణంగా లెక్క తప్పదు. కానీ అప్పుడు నీరసం, పైగా అచ్చయిన కాగితానికి ఉండే అధికారం ఒకటి ఉంటుంది. వార్డులో తాత్కాలికంగా తగ్గించారేమో, ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ పెంచారేమో అనుకున్నాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఆ కాగితం పక్కన పెట్టుకుని, ఏడు రోజుల డబ్బాలో ఒక్కో గడిలో మూడేసి క్యాప్సూల్స్ వేసింది.

నాలుగో రోజు సాయంత్రం వేళ్లు వణకడం మొదలైంది. అయిదో రోజు పొద్దున గ్లాసు ఎత్తితే నీళ్లు చొక్కా మీద ఒలికాయి. నోట్‌బుక్‌లో బీపీ రాసుకుందామని పెన్ను పట్టుకుంటే 150 అనే అంకె గిలకలా తిరిగిపోయింది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది, ఆ పేజీ వేరే ఎవరో రాసినట్టుంటుంది. తల పగిలిపోయే నొప్పి. అమ్మ "భయంతో వణుకుతున్నావేమో" అంది. కాదు, భయపడితే నాకు కాళ్లు చల్లబడతాయి, చేతులు వణకవు.

ఆ రోజు పొద్దుటి మాత్రలు వేసుకోకుండా వెళ్లి రక్తం ఇచ్చాను. టాక్రోలిమస్ లెవెల్ చూడాలంటే ముందు రాత్రి వేసుకున్నదానికి పన్నెండు గంటల తర్వాత, పొద్దుటి డోసు పడకముందు తీయాలి. నాకు ఎనిమిది నుంచి పది మధ్య ఉండాలి. వచ్చింది 24.6. క్రియాటినిన్ 2.4. పొటాషియం 5.8. కిడ్నీని కాపాడే మందే ఎక్కువైతే కిడ్నీని పిండేస్తుంది, అదీ దీని తీరు. నెఫ్రాలజిస్ట్ ఫోన్‌లో మొదట ఏమీ అనలేదు. తర్వాత "డబ్బాలో ఎన్ని ఉన్నాయో ఇప్పుడే చూసి చెప్పండి" అన్నారు. మూడు అన్నాను.

రెండు రోజులు టాక్రోలిమస్ పూర్తిగా ఆపించి, రోజు విడిచి రోజు రక్తం చూసి, అర మిల్లీగ్రాముతో మళ్లీ మొదలుపెట్టారు. వణుకు వారానికి తగ్గింది. క్రియాటినిన్ దిగడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఆసుపత్రి వాళ్లు కాగితం మార్చి ఇచ్చారు, పొరపాటైందని ఒప్పుకున్నారు కూడా. నేను గొడవ చేయలేదు. కానీ అప్పటి నుంచి డిశ్చార్జ్ కాగితాన్ని డాక్టర్ ముందు కూర్చుని, ఒక్కో మందూ పైకి చదివి, ఆయన అవునంటేనే లేస్తున్నాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

వోరికొనజోల్‌తో జీవితం వింతగా ఉంటుంది. అన్నానికి గంట ముందు గానీ గంట తర్వాత గానీ వేసుకోవాలి. వేసుకున్న అరగంటకి గదిలో లైటు పాలపొంగులా పొంగేది. తెల్ల గోడ అంచున సన్నటి మెరుపు పరిగెత్తేది. ఇంకో అరగంటలో అంతా మామూలే. ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. చెప్పకపోయి ఉంటే కళ్ల డాక్టర్ దగ్గరికి పరిగెత్తేదాన్నే. రెండో వారంలో మాత్రం కళ్లు మూసుకుంటే మొహాలు కనిపించడం మొదలైంది. తెలియని మొహాలు, ఒకదాని వెనక ఒకటి. పిచ్చెక్కుతోందనుకుంటారని ఎవరికీ చెప్పలేదు, మూడు రోజులు. చివరికి చెబితే వెంటనే వోరికొనజోల్ లెవెల్ కూడా చూశారు. ఒకటి నుంచి అయిదున్నర మధ్య ఉండాల్సింది 6.9 ఉంది. డోసు తగ్గించారు, మొహాలు వెళ్లిపోయాయి. చెప్పడానికి సిగ్గుపడాల్సిన విషయమే కాదది, ఆ మందుకి ఉన్న తెలిసిన లక్షణం.

ఎండ సంగతి తక్కువగా అంచనా వేశాను. ల్యాబ్ బయట పది నిమిషాలు నిలబడ్డందుకు ముక్కు, చెంపలు ఎర్రగా కందిపోయి నాలుగు రోజులు మండాయి. అప్పటి నుంచి గొడుగు, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. నెలల తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ప్రమాదం కూడా పెరుగుతుందట, మార్పిడి అయినవాళ్లకి ఆ ప్రమాదం ముందే ఎక్కువ. కొలెస్ట్రాల్ మాత్ర ఆపించారు, బీపీ మాత్ర తగ్గించారు. అవి కూడా ఆ ఎంజైమ్ మీదే ఆధారపడినవి. ప్రతి రెండు వారాలకీ లివర్ పరీక్ష.

నాలుగో వారం సీటీలో పెద్ద మచ్చ సగానికి తగ్గింది. శాంపిల్‌ని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌లో యాస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అని ఖాయమైంది, వోరికొనజోల్‌కి లొంగేదే. పన్నెండో వారానికి చిన్నది మాయమై, పెద్దది గీతలా మిగిలింది. తక్కువలో తక్కువ ఆరు నుంచి పన్నెండు వారాలు వాడాలంటారు. నాకు పద్నాలుగు వారాలయ్యాక ఆపారు.

ఆపిన రోజు సంబరపడే తీరిక లేదు. కట్టిపడేసిన ఎంజైమ్ మళ్లీ లేచి పని మొదలుపెడుతుంది, టాక్రోలిమస్ మట్టం జారిపోతుంది, ఈసారి ప్రమాదం అటువైపు నుంచి. వారం తిరిగేసరికి 7.2 నుంచి 3.4కి పడింది. అరని ఒకటి చేశారు, ఒకటిని ఒకటిన్నర, తర్వాత రెండు. వారానికి రెండుసార్లు సూది. మోచేతి లోపల నరం గట్టిపడి తాడులా తగులుతోంది.

ఇప్పుడు పూటకి రెండున్నర దగ్గర ఆగింది, క్రియాటినిన్ 1.7. ఆదివారం రాత్రి డబ్బా నింపేది ఇప్పటికీ అమ్మే. కాగితం చూడదు. గడి మూత తీసి పట్టుకుని, లోపల గదిలో ఉన్న నన్ను కేకేస్తుంది: "ఈ వారం ఎంతే?" నేను చెప్పాక ఇంకోసారి అడుగుతుంది. రెండోసారి కూడా అదే అంకె చెబితేనే వేస్తుంది.